రెండు వందల పంతొమ్మిదో దీపం

ఎండకు తాళలేక భూమి కిందికి దిగిన నలభై మూడో ఏడు, 112వ రోజు
దీపాలు: ఇచ్చినవి 210. తిరిగొచ్చినవి 210.

ఈ పుస్తకం మొదటి పేజీ మీద ఊరిని ఏలే మండలి ఎర్ర అక్షరాలతో అచ్చువేయించింది: "ఇందులో దీపాల లెక్క తప్ప మరేమీ రాయరాదు." పదకొండేళ్లుగా రాస్తూనే ఉన్నాను. మూడు నోటీసులొచ్చాయి. మూడింటినీ ఇదే పుస్తకంలో అతికించాను. పనికి పోయేవాళ్లకు టోపీ దీపాలిచ్చే ల్యాంప్ రూమ్ కిటికీ దగ్గర కూర్చున్న మనిషికి ఊరు ఊరంతా రోజుకు రెండుసార్లు ముఖం చూపించి పోతుంది. చూసింది రాయకపోతే నాకూ దీపాల స్టాండుకూ తేడా ఏముంది?

ఇవాళ చూసింది ఇది. పన్నెండో గల్లీ సొరంగంలో గాలి ఆడించే ఫ్యాన్ బెల్టు మళ్లీ రెండుసార్లు జారింది. బెల్టు జారితే ఫ్యాన్ ఆగుతుంది. ఫ్యాన్ ఆగితే బొగ్గు గోడల్లోంచి గ్యాస్ ఊరుతుంది. పావుగంటలో బెల్టు ఎక్కించాలి. ఎక్కించేవాడు కొమురయ్య ఒక్కడే. రెండేళ్ల కింద అక్కడ ముగ్గురుండేవారు. మండలి ఒక్కడు చాలంది. పక్కనే ఉన్న రెండో ఫ్యాన్‌కు కరెంటు కోసేసింది. ఆ కరెంటు ఎటు పోయింది? అధ్యక్షుడు రఘోత్తం గారు, ఆయనలాంటి పెద్దలు కాపురముండే చల్ల గల్లీకి పోయింది. మా ఇళ్లలో మనుషులు తడిగుడ్డ కప్పుకుని పడుకుంటుంటే అక్కడ దుప్పటి కప్పుకుంటారట.

ఇది గోడపత్రికలో రాశాను. చింపేశారు. మళ్లీ రాస్తాను.

113వ రోజు, పొద్దున
దీపాలు: లెక్క సాయంత్రం చూడాలి.

సరళ పనికొచ్చిన గుర్తుగా తన నంబరు బిళ్ల బోర్డుకు తగిలించి, దీపం తీసుకుని, కిటికీలోంచి తల లోపలికి పెట్టింది. నా చెల్లెలు. పన్నెండో గల్లీలో పుట్టగొడుగుల మడులు చూస్తుంది.

"అక్కా, ఇయ్యాల ఎవల్ని తిడుతున్నవ్?"

"అందర్నీ."

"నన్ను గూడ కలుపు. గట్లనన్న నా పేరు అచ్చులకొస్తది."

"పనికి పోవే."

మెడలో ఎర్ర పూసల దండ సర్దుకుంటూ పోయింది. ఆమెకు ఇష్టమైన దండ, పుట్టగొడుగులకు చూపించడానికేనా అని నేను ఎగతాళి చేస్తుంటాను.

సైరన్‌కు రెండు నిమిషాల ముందు మాటల గొట్టంలోంచి కొమురయ్య గొంతు వచ్చింది. "సుగుణక్కా, నా బిళ్ల జర ఎయ్యవా? వెనకనే వస్తున్న." వేశాను. సైరన్ మోగేలోపు బోర్డు మీద బిళ్ల లేకపోతే ఆ రోజంతా వాడి ఇంటికి గాలి తగ్గించేస్తారు. ఎవరి బిళ్ల వాళ్లే తగిలించాలి, ఎవరిది వాళ్లే తియ్యాలి అని రూలుంది. ఉంటే ఉండనీ. గాలిని శిక్షగా వాడే మండలి రాసిన రూలు అది. వెనకనే వస్తున్నానన్న ప్రతివాడికీ నేను వేస్తాను. ఈ ఊళ్లో మనిషికి మనిషి చేసుకోగలిగిన సాయం అంతకంటే ఏముంది?

గోడ మీద గాలి బరువు చూపించే ముల్లు ఏళ్లుగా లేనంత కిందికి దిగింది. పాడైనట్టుంది. రిపేరుకు రాయాలి.

ఇప్పుడు వ్యాసం మీద కూర్చుంటున్నాను. "ఒక్కడు చాలట!" అని పేరు పెట్టాను.

113వ రోజు, సాయంత్రం

పదిన్నరకు బోర్డు మీది బిళ్లలన్నీ ఒక్కసారి మోగాయి. గాలి ముందు వెనక్కి లాక్కుంది. తర్వాత వచ్చి కొట్టింది. స్టాండు పట్టుకుని నిలబడ్డాను. చెవుల్లో ఇంకా మోత ఉంది.

పన్నెండో గల్లీ.

మూడు శవాలు బయటికొచ్చాయి. వాటిలో ఒకటి సరళ. ముఖం నల్లగా ఉంది, దండ అలాగే ఉంది. మిగతావాళ్లు లోపల ఉండగానే, మంటలు పాకుతాయని, రెండు గంటల్లో గల్లీకి అడ్డంగా గోడ కట్టేశారు. రెండే రెండు గంటలు! మండలి మనిషి వచ్చి బోర్డుకు ఫోటో తీసుకున్నాడు. పన్నెండో గల్లీ వరసలో నలభై ఒక్క బిళ్లలు. అవే మృతుల జాబితా అయ్యాయి.

ఇంతకంటే రాయలేను.

114వ రోజు
దీపాలు: ఖాళీ గూళ్లు 40.

మైకు పొద్దున్నే మాట్లాడింది. మైకు అంటే పెద్దాయన గొంతు. మమ్మల్ని ఎండలోంచి ఈ బొగ్గు సొరంగాల్లోకి దింపి బతికించిన పెద్దాయన పోయి ముప్పై ఏళ్లయింది. ఆయన గొంతును యంత్రానికి నేర్పి పెట్టుకున్నారు. ఏ అబద్ధం చెప్పించినా అమ్మలక్కలు చేతులు జోడించే వింటారు.

ఆ గొంతు చెప్పింది: "నా బిడ్డలారా, ఇది ఉగ్రవాద దాడి. మీదోళ్ల ముఠాకు చెందిన కుమ్ర లచ్చు పన్నెండో గల్లీలో బాంబు పెట్టాడు. ఫ్యాన్ ఇంటి గుమ్మంలో అతడిని అడ్డుకుని కొమురయ్య వీరమరణం పొందాడు. నలభై ఒక్కమంది అమరులయ్యారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ద్రోహిని ఎండకు అప్పగిస్తాం."

లచ్చు! మీదోళ్లంటే దిగకుండా పైనే ఉండిపోయిన గోండు కుటుంబాలు, వాళ్లలో వాడొకడు. ఎండ తగ్గాక మేకలు మేపుతాడు, పాల క్యాన్లు నా కిటికీ దగ్గర దింపి బయటివాళ్లకిచ్చే ఎర్ర బిళ్ల తీసుకుని లోపలికొస్తాడు. నిన్న ఎర్ర బిళ్ల ఎవరికీ ఇవ్వలేదు. మరి బాంబుతో ఎటు నుంచి వచ్చాడు? పట్టుబడింది గల్లీ లోపల, మసి పూసుకుని. బాంబు పెట్టినవాడు పేలాక లోపలికి పోతాడా, బయటికి పారిపోతాడా? గోడ అంత తొందరగా ఎందుకు కట్టారు? లోపల ఏం కనబడకూడదని?

మైకు నలభై ఒకటంటోంది, నాకు నలభై గూళ్లే ఖాళీగా కనబడుతున్నాయి. తప్పు లెక్కపెట్టి ఉంటాను.

115వ రోజు
దీపాలు: ఇచ్చినవి 90. తిరిగొచ్చినవి 90. మిగతావాళ్లు పనికి రాలేదు.

పొద్దున సరళను మట్టి చేశాం. మధ్యాహ్నం గోడపత్రిక అతికించాను. "బాంబు నిజమే, పెట్టింది మండలి!" రెండో ఫ్యాన్ కరెంటు దొంగతనం బయటపడకుండా, మీదోళ్ల మీద జనాన్ని ఉసిగొల్పడానికి, మండలే చేయించింది. ఎనిమిది కారణాలు రాశాను. ఒక్కో కారణం రాస్తుంటే ఒంట్లోకి వేడి పాకింది, ఏడుపు ఆగింది.

జనం గుంపులుగా నిలబడి చదివారు. ఈసారి చింపలేదు. చింపకపోవడం నాకు గెలుపులా అనిపించింది.

116వ రోజు
దీపాలు: ఇచ్చినవి 151. తిరిగొచ్చినవి 151.

కొమురయ్య పెళ్లాం వనజ వచ్చింది. దీపం కోసం కాదు.

"నా మొగడు వీరుడైతే నీకెందుకే మంట?"

"వనజా, కూర్చో."

"కూసోను. బతికినన్ని దినాలు వాన్ని బెల్టు కొమురయ్య అన్నరు. ఒక్కనాడన్న ఎవలన్న వానికి దండం పెట్టిన్రా? ఇయ్యాల గోడల మీద వాని బొమ్మ ఏస్తున్నరు. నాకు చల్ల గల్లీల రూము ఇచ్చిన్రు. నా బిడ్డ ఒంటి మీద చెమటకాయలు తగ్గినయ్. నువ్వు కాయితం అతికించి, బాంబు గింబు అంత నాటకమంటవ్. మరి నా మొగడు సచ్చింది గూడ నాటకమేనా?"

"నేనన్నది అది కాదు. మండలి..."

"మండలి, మండలి! నీ చెల్లె సచ్చింది, నా మొగడు సచ్చిండు. ఇద్దరం కలిసి ఏడుద్దామని ఒక్కనాడన్న వస్తివా? కాయితం రాసుకుంట కూసున్నవ్."

ఆమె పోయాక కలం మూసి పెట్టాను. ఈ పుస్తకంలో నేను ఓడిన వాదన ఇదే మొదటిది అనుకుంటాను.

117వ రోజు
దీపాలు: ఖాళీ గూళ్లు 40. మళ్లీ లెక్కపెట్టాను. 40. మళ్లీ. 40.

గోడలన్నిటి మీద దాడి బొమ్మ ఆడించారు. చూసినవాళ్లెవరూ మిగల్లేదు కదా, యంత్రమే రికార్డులన్నీ కలిపి జరిగింది జరిగినట్టు గీసిందట. ఎంత బాగా గీసింది! లచ్చు కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతిలో మూట. కొమురయ్య వాడి మీదికి దూకుతాడు. టోపీ మీద దీపం వెలుగుతుంటుంది. ఆ దీపం మీద వాడి బిళ్ల నంబరు కూడా వేసింది యంత్రం: 219.

నా వెనక స్టాండులో 219వ గూడు ఉంది. తిరిగి చూశాను.

దీపం అక్కడే ఉంది. ఛార్జింగ్ నిండి, పచ్చ లైటు వెలుగుతూ ఉంది.

బయట గోడ మీద కొమురయ్య మళ్లీ మళ్లీ దూకుతున్నాడు, టోపీ మీద 219 వెలుగుతోంది. ఇక్కడ నా చేతి దూరంలో అదే 219. దీపం లేకుండా ఎవడూ గల్లీలోకి పోడు. నాలుగడుగులు వేస్తే తన చెయ్యి తనకు కనబడని చీకటి అది.

పుస్తకం తిరగేశాను. 113వ రోజు. నా చేతిరాత. "వెనకనే వస్తున్న. వేశాను."

వాడు రాలేదు. ఆ రోజు కొమురయ్య రానేలేదు.

దీపాల లెక్క ఎప్పటిలా పొద్దున్నే చూసి ఉంటే, బిళ్ల ఉంది, దీపం తీసుకోలేదు, ఫ్యాన్ దగ్గర మనిషి లేడు అని తెలిసేది. సైరన్ కొట్టించేదాన్ని. నేను "ఒక్కడు చాలట!" అని రాసుకుంటున్నాను. ఆ ఒక్కడూ లేడని చెప్పే దీపం నా వీపు వెనకే వెలుగుతోంది.

ఎనిమిది కారణాలు రాశాను. తొమ్మిదోది నేను.

118వ రోజు
దీపాలు: కాపలా గదికి ఒకటి, నేనే తీసుకుపోయాను.

కాపలావాళ్ల దీపాలు మార్చడం నా పనే కాబట్టి ఆపలేదు. లచ్చు చేతులు వెనక్కి కట్టి కూర్చోబెట్టారు. ముఖం మీద మసి ఇంకా కడగనివ్వలేదు. ఉగ్రవాదిగా కనబడాలి కదా.

"లచ్చూ, కొమురయ్య ఎక్కడున్నాడు?"

తల దించుకున్నాడు. "అమరుడైండంట కదక్కా. మైకుల చెప్తున్నరు."

"వాడి దీపం నా దగ్గరే ఉంది. అబద్ధమాడకు."

కాపలావాళ్లు వింటున్నారేమోనని తలుపు వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆనాడు వాన పడ్డదక్కా."

"ఏంటి?"

"వాన. ఆరేండ్లకు పడ్డది. కొమురయ్య కిందనే పుట్టిండు, ఎన్నడు సూడలేదు. వానొస్తే పైపు మీద రాయితోని మూడు దెబ్బలు కొట్టు, ఉర్కి వస్త అని నాతోని ఒట్టు ఏయించుకున్నడు. పొద్దుగాల్నే కొట్టిన. పాత గాలి బాయి నిచ్చెనెక్కి వచ్చిండు. నోరు తెర్సుకుని నిలబడ్డడు. ఇగ పోతనన్నడు, ఇంకొంచెం సేపన్నడు. గప్పుడే కింద ధడేల్‌మన్నది."

ముల్లు. పాడైందనుకున్న ముల్లు. పైన మబ్బు పట్టి గాలి బరువు తగ్గితే కింద బొగ్గులోంచి గ్యాస్ రెట్టింపు ఊరుతుందని, ముల్లు దిగితే రెండో ఫ్యాన్ వెయ్యాలని పాతవాళ్లు నాకు నేర్పారు. ఆరేళ్లు వాన లేకపోయేసరికి ముల్లునే మర్చిపోయాం. ఆ రోజు బెల్టు ఎప్పటిలాగే జారింది. ఎక్కించేవాడు లేడు. వెయ్యడానికి రెండో ఫ్యాన్‌కు కరెంటు లేదు. మడులకు నీళ్లు చల్లే మోటారు నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు.

బాంబూ లేదు, కుట్రా లేదు. దొంగిలించిన కరెంటు ఉంది, ఒక్కడు చాలన్న మండలి ఉంది, వాన చూడాలనుకున్న ఒక మనిషి ఉన్నాడు. దయ చూపిస్తున్నాననుకున్న నేనున్నాను. మండలి చెప్పింది అబద్ధం. నేను రాసిందీ అబద్ధమే. ఆ మాట రాయడానికి నా కలం ఎంత మొరాయిస్తోందో ఈ పేజీకి తెలుసు.

"మరి నువ్వెందుకు దిగావురా?"

"మనుషులు అరుస్తుంటే దిగనా? కొమురయ్యకు కాలు నిలుస్తలేదు, నువ్వీడనే ఉండన్న. ముగ్గుర్ని గుంజిన. అందుల ఒకామె మెడల ఎర్ర పూసలున్నయ్. ఇంక పాణమున్నదేమో అనుకున్నక్కా. గుమ్మం కాడికి తెచ్చేసరికి..."

నా చెల్లెలిని బయటికి తెచ్చిన చేతులు నా ముందే తాడుతో కట్టేసి ఉన్నాయి.

"ఇదంతా వాళ్లకు ఎందుకు చెప్పలేదు?"

"కొమురయ్య బిళ్ల ఏసి పైకొచ్చిండంటే వాని పెండ్లాం పిల్లల గాలి బంద్ జేస్తరు. మాకైతే పైన గాలి ఉన్నది. వాళ్లకేమున్నదక్కా?"

119వ రోజు
దీపాలు: లెక్క చూడలేదు. తాళం వేశాను.

తెల్లవారగానే, కింది గాలి పైకి పోయే ఆ పాత గాలి బాయి నిచ్చెన ఎక్కాను. మూడు వందల పన్నెండు మెట్లు, యాభై రెండేళ్ల మోకాళ్లు. మధ్యలో రెండుసార్లు మండలిని తిట్టాను, ఒకసారి నన్ను తిట్టుకున్నాను.

రేకుల షెడ్డు కింద మేకల మధ్య కొమురయ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"నడువ్," అన్నాను. "రేపు మధ్యాహ్నం లచ్చును ఎండకు అప్పగిస్తున్నారు."

"నేను సచ్చిపోయినక్కా. మైకుల చెప్పిన్రు కదా."

"నువ్వు బతికే ఉన్నావని నేను చెప్తాను."

"వద్దు. వనజకు చల్ల గల్లీల రూము ఇచ్చిన్రంట. నేను బతికుంటే గది ఉంటదా? ఇరవై దినాలకోసారి జీతంలెక్క తిట్లు తెచ్చుడు తప్ప వాళ్లకు నేనేం తెచ్చిన? సచ్చినంక ఇంత తెచ్చిన." ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "నలభై మందక్కా. కండ్లు మూస్తే వాన గనవడ్తలేదు, వాళ్లే గనవడ్తున్నరు. బెల్టు ఎక్కియ్యాలంటే అరనిమిషం పని."

నా దగ్గర ఉన్నవన్నీ వాదించడానికి పనికొచ్చే మాటలే.

"బిళ్ల వేసింది నేను," అన్నాను. "నలభై మందిలో సగం నా తల మీద వెయ్యి. మిగతా సగంలో మండలి వాటా ఎంతో తర్వాత తేల్చుకుందాం. కానీ లచ్చు తల మీద ఒక్కరు కూడా లేరు. వాడు నీ కోసం నోరు మూసుకున్నాడురా."

కొమురయ్య లేవలేదు. నేను దిగివచ్చాను.

సాయంత్రం రఘోత్తం గారి ముందు 219వ దీపం, ఈ పుస్తకం పెట్టాను. ఆయన పేజీ చదివి, మర్యాదగా నవ్వారు.

"సుగుణమ్మా, మీరే మొన్న మండలే బాంబు పెట్టిందని గోడ మీద రాశారు. ఇవాళ అసలు బాంబే లేదంటున్నారు. రేపేమంటారు? దీపం మీ గదిలోదే, పుస్తకం మీ చేతిరాతే. జనం ఏది నమ్మాలి? అందుకే ఆ కాగితం చింపొద్దని నేనే చెప్పాను."

నా గెలుపు అదన్నమాట.

120వ రోజు, మధ్యాహ్నం తర్వాత

గాలి బాయి నోటి దగ్గర పాత సిమెంటు పలక ఉంది. దాని మీద లచ్చును పడుకోబెట్టి కట్టారు. పక్కన రేకుల నీడలో నలభై ఒక్క ఇళ్లవాళ్లం. సాక్షులుగా పిలిచారు. నల్లగుడ్డ మీద నలభై ఒక్క బిళ్లలు గుచ్చి వేలాడదీశారు. పలక మీద నీళ్లు పోస్తే చుయ్యిమంది.

మైకులో పెద్దాయన గొంతు మొదలైంది. "నా బిడ్డలారా..."

అప్పుడు కనబడ్డాడు. మేకల షెడ్డు వైపు నుంచి, తల మీద గోనెసంచి కప్పుకుని, ఎండలో ఒక్కడే నడిచి వస్తున్నాడు. అంత దూరం ఆ ఎండలో నడిస్తే మనిషి మిగలడు. పడ్డాడు, లేచాడు. నీడలోకి వచ్చి గోనె తీశాడు. పెదవులు చిట్లి ఉన్నాయి.

నల్లగుడ్డ దగ్గరికి పోయి వెతికి, 219 నంబరు బిళ్ల తన చేత్తో తీశాడు.

"నాది నేనే తీస్తున్న," అన్నాడు. "లచ్చు నాతోనే ఉన్నడు. వాన చూసినం."

మైకు రెండు క్షణాలు ఆగింది. యంత్రానికి రాసిచ్చింది అక్కడితో అయిపోయింది. ఎవరో కొత్తది రాసిచ్చి ఉంటారు. మళ్లీ అదే తియ్యటి గొంతు: "నా బిడ్డలారా, మోసపోకండి. అమరుడు కొమురయ్య వేషంలో మరో ఉగ్రవాది వచ్చాడు. పట్టుకోండి."

నవ్వు రావలసిన మాట. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే కాపలావాళ్లు నిజంగానే కదిలారు. ఐదేళ్లు వాడితో కలిసి టీ తాగినవాళ్లు.

రఘోత్తం గారు వనజ వైపు తిరిగారు. "అమ్మా, మీ భర్త అమరుడు. మీకు, మీ పాపకు మండలి అండగా ఉంది. ఈ మనిషి మీకు తెలుసా? ఆలోచించి చెప్పండి."

ఆలోచించి అన్న మాటలో చల్ల గల్లీ మొత్తం ఉంది. వనజ చంకలోని బిడ్డను ఇటు నుంచి అటు మార్చుకుంది. కొమురయ్యను పైనుంచి కిందికి చూసింది. దగ్గరికి పోయి చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ చప్పుడు మైకులో కూడా వినబడింది.

"వానకు పోతివా? నన్ను ఇడ్సిపెట్టి ఒక్కనివే పోతివా?" రెండో చెంప మీద కొట్టబోయి, చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "వీడు నా మొగడే సారూ. నీ గది నువ్వు తీస్కో. ఇంత దిక్కుమాలినోని యేషమేసుకుని ఎవడొస్తడు?"

నేను పలక దగ్గరికి పోయి సరళను మోసిన చేతుల తాడు విప్పడం మొదలుపెట్టాను. ముడి బిగుసుకుపోయింది, గోళ్లు విరిగాయి. పక్కన ఇంకో రెండు చేతులు వచ్చాయి, కొడుకు పోయిన ఒక ముసలాయనవి. తర్వాత ఇంకెవరివో. కాపలావాళ్లు ఎటు కదలాలో తెలియక మైకు వైపు చూశారు. మైకు ఏమీ చెప్పలేదు.

121వ రోజు

పెద్దాయన గొంతు ఇవాళ చెప్పిన వార్త మొత్తం ఇదే: "అమరుల సంఖ్య నలభైగా సవరించబడింది. నిందితుడిని మానవతా దృష్టితో విడిచిపెట్టాం. బాంబు వెనకున్న అసలు ముఠా కోసం దర్యాప్తు కొనసాగుతుంది." ఒక అంకె మార్చారు. బాంబు మాత్రం అలాగే ఉంది. లేని బాంబును తీసెయ్యడానికి వాళ్లకు చేతులు రాలేదు.

తప్పుడు బిళ్ల వేసినందుకు నాకు శిక్ష: బిళ్ల తీసెయ్యడం. అంటే కింద నాకు గాలి లేదు. కొమురయ్యకు శిక్ష: బాగుచేసిన ఫ్యాన్ దగ్గర జీవితాంతం, సెలవు లేకుండా. కారణం రాయలేదు కానీ అందరికీ తెలుసు, ఆ పనికి ఇంకెవరూ రామన్నారు.

పోయేముందు గోడపత్రిక చివరిది అతికించాను. "నేను రాసింది తప్పు" అని మొదలుపెట్టి, బిళ్ల, దీపం, ముల్లు, వాన, రెండో ఫ్యాన్, అన్నీ వరసగా రాశాను. కారణాలకు నంబర్లు వెయ్యలేదు. ముల్లు దిగితే రెండో ఫ్యాన్ వెయ్యాలన్న మాట మాత్రం పెద్ద అక్షరాలతో రాశాను.

134వ రోజు
దీపాలు: నా దగ్గర లేవు. ఇక్కడ వెలుగుకు కొదవ లేదు.

లచ్చు షెడ్డులో ఉంటున్నాను. మేకలు నా మాట వినవు. వాదించాను, లాభం లేదు.

వనజ పాల క్యాన్ల కోసం వచ్చినప్పుడు కింది సంగతులు చెప్పి పోతుంది. చల్ల గల్లీ గది పోయింది. మనుషులు పోయిన నలభై ఇళ్లవాళ్లు వంతులు వేసుకుని ఫ్యాన్ ఇంటికి వచ్చి కొమురయ్య పక్కన కూర్చుంటున్నారట. బిళ్ల వెయ్యరు, మాట్లాడరు, బెల్టును చూస్తూ కూర్చుంటారు. మొదటి రోజు వాడు భయపడ్డాడు. ఇప్పుడు వాళ్లకు టీ పెడుతున్నాడు. చల్ల గల్లీ వైర్లు ఎవరో ఒకరు మెల్లగా రెండో ఫ్యాన్ వైపు లాగారట. ఎవరని అడిగితే వనజ తన బిడ్డ ముక్కు తుడుస్తూ కూర్చుంది.

ఇవాళ పొద్దున పడమర నల్లబడింది. నాకు ముల్లు అక్కర్లేదు. చెవులు బరువెక్కాయి, మేకలు ఒక మూలకు చేరాయి. గాలి బాయి దగ్గరికి పరుగెత్తి పైపు మీద రాయితో మూడు దెబ్బలు కొట్టాను.

జవాబు లేదు. మళ్లీ మూడు. నీళ్లచుక్క ఒకటి చేతి మీద పడింది. అంత వెచ్చగా ఉంటుందనుకోలేదు. మళ్లీ కొట్టాను. అరిచాను కూడా, మూడు వందల పన్నెండు మెట్ల కిందికి ఎవరికి వినబడుతుంది?

కింద నుంచి కంగ్, కంగ్, కంగ్.

తర్వాత బాయి నోట్లోంచి వచ్చే గాలి, ఎప్పుడూ మెల్లగా వచ్చే ఆ పాత బొగ్గు వాసన గాలి, ఒక్కసారిగా రెట్టింపై నా పైటను తల మీదికి ఎగరగొట్టింది. రెండు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి.

వాన పెద్దదైంది. కొమురయ్య ఇవాళ పైకి రాలేదు.